పిక్క అదురుతోంది, నరాల డాక్టరుకు ఇంకా మూడు వారాలు: అప్పటిదాకా ఏది మేలు?

కన్ను అదిరితే కుడా ఎడమా అని అడిగి వదిలేస్తాం. అదే పిక్కో భుజమో అదిరితే నిద్ర దూరమవుతుంది. హైదరాబాదులో నరాల డాక్టరును కలిసేదాకా ఏం చేయాలని నల్లగొండలో ఇప్పటికి నలుగురైదుగురు నన్ను అడిగారు. పోయిన చలికాలం నేనూ అలాగే ఎదురుచూశాను.

ముందుగా ఒక మాట. చేతిలో పట్టు తగ్గినా, గుండీ పెట్టుకోవడం కష్టమైనా, పాదం ఈడ్చుకుపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా, మింగడం ఇబ్బందైనా, కండ కరుగుతున్నట్టు కనిపించినా మూడు వారాలు ఆగవద్దు. ఆ సంగతి చెప్పి వెంటనే చూపించుకోండి. బలం తగ్గకుండా అదురు మాత్రమే ఉన్నవారికే కింది మాటలు.

ఏ పనికైనా నా కొలత ఒక్కటే: ఒకసారి చేస్తే తీరుతుందా, మళ్లీ మళ్లీ చేయాలనిపిస్తుందా?

ఫోనులో వెతికితే నిజాలు దొరకవని కాదు. టీ, కాఫీ ఎక్కువైనా, నిద్ర చాలకపోయినా, ఒళ్లు అలిసినా, ఆందోళన పెరిగినా కండరాలు అదురుతాయని అందులోనూ ఉంటుంది. అక్కడ ఆగగలిగితే మంచిదే, కానీ ఆగలేం. ఆ వెంటనే ఏఎల్ఎస్ (కండరాలను కదిలించే నరాలు క్రమంగా దెబ్బతినే జబ్బు) అన్న మాట కంటపడుతుంది. ఆ జబ్బుకు అసలు గుర్తు బలం తగ్గుతూ పోవడం. ఆ వాక్యం పక్కనే ఉన్నా భయపడిన మనసు దాన్ని చదవదు. ఇక మడమల మీద నడిచి చూసుకోవడం, పిడికిలి బిగించి చూసుకోవడం మొదలవుతుంది. రోజుకు ఇరవైసార్లు అలా పరీక్షించిన కండరం అలిసిపోయి మరింత అదురుతుంది. ఊరట పది నిమిషాలు ఉంటుంది, తర్వాత మళ్లీ ఫోను.

నోట్‌బుక్ దీనికంటే మేలు, అదీ రాత్రి భోజనమయ్యాక రెండు వాక్యాలు రాసి మూసేస్తేనే. ఎక్కడ అదిరింది, ఎంత నిద్ర పట్టింది, ఎన్ని టీలు తాగాను అన్నవి చాలు. మొదటి నాలుగు రోజులు నేను ప్రతి అదురుకూ ఒక గీత పెట్టాను. పిక్క మీదనుంచి చూపు మరలలేదు.

నా మొగ్గు మాత్రం ఊళ్లోని జనరల్ ఫిజీషియన్ వైపే. మోకాలి కింద సుత్తితో తట్టి, కాళ్లూ చేతులూ నెట్టమని బలం చూస్తారు. పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, థైరాయిడ్ పరీక్షలకు రాస్తారు. నేను ఇంట్లో వందసార్లు చూసుకున్న బలాన్ని వేరొకరు ఒక్కసారి చూసి కాగితం మీద రాశారు. ఆ రాత్రి నిద్ర పట్టింది.

బలానికి సెలైన్, బి-కాంప్లెక్స్ సూదులు అంటారా, లోపం ఉందని పరీక్షలో తేలకుండా వద్దు. మన జిల్లాలో ప్రతిదానికీ ఫ్లోరైడ్ పేరు చెబుతారు. అది ముఖ్యంగా పళ్లను, ఎముకలను, కీళ్లను పట్టేది. బోరు నీళ్లు తాగి పెరిగినవారైతే డాక్టరుకు చెప్పండి.

ఇక ఇంట్లోవాళ్లు. "చూడు, అదురుతోందా?" అని నేను రోజుకు పదిసార్లు అడిగితే మా ఆవిడ పదిసార్లూ ఏమీ లేదనేది. ఒక్కసారి కూడా నా మనసు ఒప్పుకోలేదు. చివరికి నోట్‌బుక్ తెరిచినప్పుడే ఆ మాట ఎత్తాలని ఇద్దరం అనుకున్నాం. మిగతా రోజంతా తను వేరే కబుర్లు చెప్పేది.