లెట్రోజోల్ కీళ్ల నొప్పులకు ఏ బిళ్ల మేలు?

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ ముగిసి లెట్రోజోల్ అనే హార్మోన్ బిళ్ల మొదలుపెట్టాక, రెండు మూడు నెలలు తిరగకముందే చాలామంది ఈ ప్రశ్న అడుగుతారు. పొద్దున లేస్తే వేళ్లు బిగుసుకుపోయి పిడికిలి పట్టదు, కింద కూర్చుంటే లేవలేరు. అదే కోవకు చెందిన అనస్ట్రోజోల్, ఎక్సెమెస్టేన్ వాడేవారిదీ ఇదే బాధ. ఈ మందులు ఐదేళ్లు, కొందరికి అంతకన్నా ఎక్కువ కాలం వాడాలి. అందుకే నెలల తరబడి మింగినా ఒళ్లు తట్టుకునే బిళ్లేదో చూసుకోవాలి. నొప్పి భరించలేక లెట్రోజోల్ మానేస్తే క్యాన్సర్ తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది.

పారాసిటమాల్ 650 ఆరేసి గంటల ఎడంతో రోజుకు మూడు వేసుకోవచ్చు. లివర్ జబ్బున్నవారు, బాగా బరువు తగ్గినవారు మాత్రం డాక్టర్‌నడిగి తగ్గించుకోవాలి. చిక్కల్లా మెడికల్ షాపులో ‘నొప్పి బిళ్ల’ అంటే ఇచ్చే ఎసిక్లోఫెనాక్-పారాసిటమాల్ జంట మందుతో. అందులోనూ 325 మి.గ్రా. పారాసిటమాల్ ఉంటుంది, జలుబు బిళ్లల్లోనూ ఉంటుంది. తెలియకుండానే మోతాదు పెరిగిపోతుంది. పైగా పొద్దుటి బిగుతు మీద పారాసిటమాల్ పట్టు తక్కువే.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ త్వరగా పనిచేస్తాయి. నొప్పి ముదిరినప్పుడు, తిన్న తర్వాత, ఐదారు రోజులకు సరిపెట్టుకుంటే మంచిదే. నెలల తరబడి వాడితే బీపీ పెరుగుతుంది, కిడ్నీ దెబ్బతింటుంది, ఒంట్లో నీరు చేరుతుంది. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందులు వాడేవారికి, క్యాన్సర్ మందులైన డాక్సోరూబిసిన్ వల్లో ట్రస్టుజుమాబ్ వల్లో గుండె బలహీనపడినవారికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. తోడుగా వేసుకునే పాంటాప్రజోల్ కాపాడేది కడుపునే. వేళ్లకూ మోకాళ్లకూ డైక్లోఫెనాక్ జెల్ రాస్తే రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ.

లెట్రోజోల్ వాడుతూ రోజూ నొప్పి పడేవారికి నా మొగ్గు డులాక్సెటిన్ వైపే. అమెరికాలో 299 మందిపై జరిపి 2018లో ప్రచురించిన పరీక్షలో, 12 వారాలకు మందులేని బిళ్ల వేసుకున్నవారికంటే దీన్ని వాడినవారికి నొప్పి ఎక్కువ తగ్గింది. ఆపేశాక 24వ వారానికి ఆ తేడా మిగల్లేదు. డాక్టర్ రాస్తే వారంపాటు 30 మి.గ్రా., తర్వాత 60. గుళిక విప్పకుండా, అన్నం తిన్నాక మింగాలి. మొదట్లో వికారం, నోరెండడం, మలబద్ధకం ఉంటాయి. గుణం తెలియడానికి రెండు వారాలైనా పడుతుంది. ఈలోపు ఇంట్లోవాళ్లు పేరు వెతికి ‘ఇది డిప్రెషన్ మందు’ అని మాన్పించేస్తుంటారు. నొప్పి కబురు మోసే నరాల మీద కూడా ఇది పనిచేస్తుంది కాబట్టే రాస్తారు. ఆపాల్సివస్తే ఒక్కసారిగా ఆపకూడదు, వారం పాటు 30కి దించి ఆపాలి. గ్లకోమా, లివర్ జబ్బు, ముదిరిన కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఇది పనికిరాదు.

ఇక్కడే అన్నిటికన్నా ముఖ్యమైన మాట. మీరు వాడేది టామాక్సిఫెన్ అనే మరో హార్మోన్ బిళ్ల అయితే ఈ లెక్క మారిపోతుంది. టామాక్సిఫెన్‌ను పనిచేసే రూపంలోకి మార్చే లివర్ ఎంజైమ్‌ను డులాక్సెటిన్ అడ్డుకుంటుంది, దాంతో టామాక్సిఫెన్ గుణం తగ్గొచ్చు. కాబట్టి పక్కింటావిడకు పనిచేసిందని అడిగి తెచ్చుకోవద్దు. ప్రిస్క్రిప్షన్ రాయించుకునే ముందు మీ హార్మోన్ బిళ్ల పేరు డాక్టర్‌కు చెప్పండి.

బలమైన నొప్పి మందు ట్రమడాల్ ఈ నొప్పికి అక్కర్లేదు, డులాక్సెటిన్‌తో కలిపితే ప్రమాదం కూడా. గాబాపెంటిన్ చంక, ఛాతీ దగ్గర తిమ్మిరిమంటలకు పనికొస్తుంది గానీ కీళ్లకు కాదు. ఏ బిళ్ల వాడినా వారానికి 150 నిమిషాల నడక, రెండు రోజులు కండరాల వ్యాయామం తప్పనిసరి. అప్పటికీ తగ్గకపోతే లెట్రోజోల్‌ను రెండు మూడు వారాలు ఆపి ఎక్సెమెస్టేన్‌కు మార్చే వీలుందేమో ఆంకాలజిస్ట్‌ను (క్యాన్సర్ డాక్టర్‌ను) అడగండి.

వెన్నులోనో తుంటిలోనో ఒకేచోట కొత్తగా మొదలై, రాత్రుళ్లు నిద్రలేపుతూ రోజురోజుకూ పెరిగే నొప్పికి పై బిళ్లలేవీ వేసుకుని ఊరుకోవద్దు. ఆ వారంలోనే ఆంకాలజిస్ట్‌కు చూపించండి. దానితోపాటు కాళ్లలో పట్టు తగ్గినా, మూత్రం ఆగినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.