భీమవరంలో పెళ్లికి దిగిన హోటల్: గదులు బాగున్నాయి, లిఫ్ట్ మీద కేసు వేశాం

మా ఆడపడుచు కూతురి పెళ్లికి రాజోలు నుంచి వెళ్లి భీమవరంలో ఈ హోటల్లో దిగాం. కింద ఫంక్షన్ హాలు, పైన గదులు. వ్యవహారం కన్జ్యూమర్ కమిషన్ ముందు ఉంది కాబట్టి హోటల్ పేరు ఇక్కడ రాయడం లేదు. ముహూర్తాల సీజన్లో ఇలాంటి హోటళ్లలో దిగే మనలాంటివాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు బాగున్నవి చెబుతాను. గదులు శుభ్రంగా ఉన్నాయి, దుప్పట్లు ఉతికినవే వేశారు, వేడినీళ్లు ఎప్పుడు తిప్పినా వచ్చాయి. పొద్దున టిఫిన్లో పెసరట్టు ఉప్మా, అల్లప్పచ్చడి చాలా బాగున్నాయి. వడ్డించే కుర్రాళ్లు మర్యాదస్తులు. వాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఇక లిఫ్ట్ సంగతి. ముహూర్తం రాత్రి 11:40కి. అత్తయ్యగారికి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు, షుగర్. మాకు మూడో అంతస్తులో గది ఇచ్చారు. కింద ఇవ్వమని మావారు అడిగితే "లిఫ్ట్ ఉంది కదండీ" అన్నారు. రాత్రి భోజనానికి ముందు అత్తయ్యగారు గదిలోనే ఇన్సులిన్ వేసుకున్నారు. తొందరగా తినేసి పందిట్లో కూర్చోవాలని ఆవిడ ఆరాటం. అత్తయ్యగారు, నేను, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివే మా అమ్మాయి లిఫ్ట్ ఎక్కాం. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఉండగా కరెంటు పోయింది.

జనరేటర్ వేసిన చప్పుడు వినిపించింది, తలుపు సందులోంచి వరండాలో వెలుతురు కూడా కనిపించింది. లిఫ్ట్ మాత్రం కదల్లేదు, లోపల లైటూ రాలేదు. బెల్ నొక్కితే మోగలేదు. ఇంటర్‌కమ్ ఎత్తితే కనీసం గరగర కూడా లేదు. అత్యవసర నంబరు అని అంటించిన స్టిక్కర్ మీద ఫోన్ లైటు వేసి చూశాం. చివరి రెండు అంకెలు అరిగిపోయి ఉన్నాయి. దాని పక్కనే "లిఫ్ట్ వాడేవారు తమ సొంత బాధ్యతపై వాడవలెను" అన్న బోర్డు మాత్రం కొత్తగా, పెద్ద అక్షరాలతో ఉంది. మా అమ్మాయి రెండింటికీ కలిపి ఫొటో తీసింది. ఇప్పుడు కేసులో ఆ ఫొటోనే మాకు గట్టి ఆధారం.

సిగ్నల్ ఒక్క గీత వచ్చింది. మావారికి ఫోన్ చేస్తే ఆయన చుట్టూ బ్యాండు మేళం, ఏమీ వినపడదు. మూడోసారికి అర్థమై రిసెప్షన్‌కి పరుగెత్తారు. కౌంటర్లో ఉన్న కుర్రాడి దగ్గర లిఫ్ట్ తలుపు తాళం లేదు. తాళం ఉన్న మనిషి డ్యూటీ దిగి, ఉండి అనే ఊళ్లో ఇంటికెళ్లిపోయాడట.

లోపల అత్తయ్యగారికి చెమటలు పట్టాయి. ముందు భయం వల్ల అనుకున్నాం. "తాడు తెగిపోద్దేమోనే" అని ఆవిడ గొణుగుతుంటే, "తెగదు నానమ్మా, ఒకటి కాదు, చాలా తాళ్లుంటాయి. వేగం పెరిగితే కింద బ్రేకులు లిఫ్ట్ పక్కనుండే ఇనుప పట్టాల్ని గట్టిగా పట్టేసుకుంటాయి. గాలి కూడా ఆడుతుంది" అని మా అమ్మాయి చెయ్యి పట్టుకుని చెప్పింది. అది విన్నాక నాకూ కాస్త ధైర్యం వచ్చింది. అంతలో అత్తయ్యగారి చేతులు వణకడం మొదలైంది, మాట తడబడింది. ఇన్సులిన్ వేసుకుని తినకపోతే షుగర్ బాగా పడిపోతుందని షుగర్ ఉన్న ఇంట్లో అందరికీ తెలుసు. అదృష్టం కొద్దీ నా సంచిలో వియ్యాలవారికి ఇద్దామని తెచ్చిన ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఉంది. ఆ చీకట్లో కాగితం విప్పి, బెల్లం పూతరేకు చిన్నచిన్న ముక్కలు చేసి నోట్లో పెట్టాను. నోరు ఎండిపోయి రేకు అంగిలికి అతుక్కుంటోంది, మంచినీళ్లు లేవు. నెమ్మదిగా మింగారు.

బయట నుంచి ఇద్దరు కుర్రాళ్లు ఇనుప రాడ్డుతో తలుపు పెకలించబోయారు. వద్దని మా అమ్మాయి గట్టిగా అరిచింది. అంతస్తుల మధ్య ఆగిన లిఫ్ట్ తలుపు అలా తెరిచి మనుషుల్ని లాగితే, కాలు జారినవాళ్లు కింద ఖాళీలో పడతారు. చివరికి ఉండి నుంచి ఆ మనిషి వచ్చి, పైన మెషీన్ రూమ్‌లో మెయిన్ కట్టేసి, బ్రేక్ వదిలి, చక్రం చేత్తో తిప్పి రెండో అంతస్తుకి దింపాడు. మావారి కాల్ రికార్డు, మేం బయటికొచ్చాక తీసిన ఫొటో సమయం చూస్తే మేం లోపల ఉన్నది 47 నిమిషాలు.

నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లేసరికి, అంత తీపి తిన్నాక కూడా షుగర్ 61 మాత్రమే ఉంది. గ్లూకోజ్ పెట్టి రాత్రంతా ఉంచమన్నారు. మనవరాలి మెళ్లో తాళి పడటం ఆవిడ చూడలేకపోయారు. ఆ పిల్లని పురుడు పోసిన దగ్గర్నుంచి పెంచింది ఆవిడే. ఈ నష్టానికి ఎంత కట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

లిఫ్ట్ ఎవరికైనా ఆగుతుంది. దానికి నాకు కోపం లేదు. ఏఆర్‌డీ అని, కరెంటు పోగానే బ్యాటరీ మీద దగ్గరి అంతస్తుకి తీసుకెళ్లి తలుపు తెరిచే పరికరం ఉంటుంది. ఈ లిఫ్ట్‌కీ ఉంది. బ్యాటరీలు చచ్చిపోయి చాన్నాళ్లయిందని, ఆఫీసులో చెప్పానని, దింపినతనే మా ముందు అన్నాడు. తెలిసీ మార్చలేదు, బెల్ బాగు చేయించలేదు, రాత్రి షిఫ్టుకి తాళం ఉంచలేదు. నా కోపం దీని మీద.

మర్నాడు మేనేజర్ గారు కాఫీ తెప్పించి, ఇంకో రోజు ఉచితంగా ఉండమన్నారు, రివ్యూ మాత్రం పెట్టొద్దన్నారు. లిఫ్ట్ సర్వీసు రిజిస్టర్ చూపించండి, జరిగింది రాసి సంతకం పెట్టివ్వండి అని అడిగాను. "గదులు పెళ్లివారు హాలుతో కలిపి తీసుకున్నారమ్మా, మీరు మాకు కట్టిందేముంది?" అన్నారు. పెళ్లింట్లో గొడవెందుకని మా వాళ్లు కూడా కొందరు ఆపబోయారు. అత్తయ్యగారే "వెయ్యండి" అన్నారు.

ఆ "కట్టిందేముంది" అన్న మాటకి చట్టంలోనే జవాబుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు కట్టినవాళ్లే కాదు, వాళ్ల అనుమతితో ఆ సేవ వాడుకున్నవాళ్లూ వినియోగదారులే. పెళ్లికి వచ్చిన చుట్టాలూ అందులోకి వస్తారు. బోర్డు పెట్టుకున్నంత మాత్రాన బాధ్యత తప్పదు కూడా. హోటల్ సిబ్బంది చేతికిచ్చిన కారు పోయిన ఢిల్లీ కేసులో, తమ నిర్లక్ష్యం ఉంటే "ఓనర్ రిస్క్" (పోతే బాధ్యత యజమానిదే) అన్న షరతు చూపించి హోటల్ తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 2019 నవంబరులో చెప్పింది.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పాం, హోటల్ నుంచి జవాబు రాలేదు. రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాం, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు దాచాం. తర్వాత కన్జ్యూమర్ కేసులు ఆన్‌లైన్లో వేసే ఈ-జాగృతి పోర్టల్లో జిల్లా కమిషన్‌కి ఫిర్యాదు పెట్టాం. హోటల్ ఎక్కడున్నా మనం ఉండే చోటే కేసు వేసుకోవచ్చు. మేం గోదావరి మీది చించినాడ వంతెన దాటి భీమవరం వైపు తిరగక్కర్లేదు. సేవకి చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, సంఘటన జరిగిన రెండేళ్లలోపు వెయ్యాలి. నర్సింగ్ హోమ్ బిల్లు, అందులో రాసిన షుగర్ రీడింగ్, ఫొటోలు, కాల్ రికార్డు, గదులు మా ఆడపడుచువాళ్లు బుక్ చేసిన రసీదు, ఆమె ఇచ్చిన అఫిడవిట్ జత చేశాం. సీసీ కెమెరా రికార్డు చెరపొద్దని నోటీసులోనే రాశాం. వాళ్లు తర్వాత లేదంటే ఆ మాట కమిషన్‌కి చెబుతాం.

అడిగింది వైద్య ఖర్చు 6,450 రూపాయలు, మానసిక వేదనకి 1 లక్ష, కేసు ఖర్చులు. దాంతోపాటు ఏఆర్‌డీ బ్యాటరీలు మార్చమని, బెల్, ఇంటర్‌కమ్ బాగు చేయించమని ఆదేశించాలని కూడా కోరాం. డబ్బు కోసం వేశారని అంటున్నవాళ్లు ఆ చివరి రెండు లైన్లు చదవాలి.

హోటల్‌కి నోటీసు అందాక జవాబివ్వడానికి 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే ఇంకో 15 రోజులు ఉంటుంది. ప్రస్తుతం అక్కడుంది. ఈలోగా అక్కడ పెళ్లి గదులు తీసుకునేవాళ్లు పెద్దవాళ్లకి మొదటి అంతస్తు రాయించుకోండి. రాత్రిపూట లిఫ్ట్ తాళం ఎవరి దగ్గర ఉంటుందో పేరుతో సహా అడగండి.

రేటింగ్ ఐదుకి ఒకటి ఇచ్చాను. బ్యాటరీలు మార్చి, రాత్రి కౌంటర్లో తాళం పెట్టి, ఆ స్టిక్కర్ మీద నంబరు సరిచేసి చూపిస్తే, గదులకీ పెసరట్టుకీ తగ్గట్టు మూడు చేస్తాను. కేసు మాత్రం వెనక్కి తీసుకోం.