కొత్త ఓడలో ఫైర్ సేఫ్టీ: యార్డు దాటినప్పటి నుంచి వాడి చూశాక

కొరియాలో కట్టిన మా కంటెయినర్ షిప్‌లో మొదటి ప్రయాణం నుంచీ ఇంజనీరుగా ఉన్నాను. ఒకసారి దిగి, మళ్లీ అదే ఓడ ఎక్కాను.

సామాను విషయంలో వంక పెట్టలేను. పొగలోకి వెళ్లేటప్పుడు వీపుకి తగిలించుకునే బ్రీతింగ్ సెట్లు (గాలి సిలిండరు, మాస్కు) తేలిక, గాలి తగ్గగానే విజిల్ గట్టిగా మోగుతుంది. రూల్ ప్రకారం సెట్‌కి కనీసం 1,200 లీటర్ల గాలి, లెక్కకి అరగంట. హోస్ లాక్కుంటూ మెట్లెక్కితే అంతసేపు రాదు. ఓడలోనే సిలిండర్లు నింపుకునే కంప్రెసర్ ఉండటం నాకు అన్నిటికంటే నచ్చింది. గాలి అయిపోతుందన్న భయం లేకుండా ప్రతి డ్రిల్‌లో నిజంగా మాస్కు పెట్టుకుని పనిచేస్తున్నాం.

ఇబ్బంది పెట్టింది ఎక్కడ పొగ, మంట వచ్చినా అలారం కొట్టే డిటెక్షన్ ప్యానెల్. యార్డు గ్యారంటీ కింద చేసే పనుల వెల్డింగ్, దుమ్ము వల్ల మొదటి నెలల్లో వేళాపాళా లేకుండా ఉత్తుత్తి అలారాలు. కొన్నాళ్లకి వాచ్‌లో (డ్యూటీలో) ఉన్నవాళ్లు వెళ్లి చూడకుండానే రీసెట్ నొక్కేయడం మొదలైంది. కొత్త ఓడలో నాకు అన్నిటికంటే భయం వేసిన సంగతి ఇదే. మనిషి చోటుకెళ్లి చూసి వాకీటాకీలో చెప్పాకే రీసెట్ చేయాలని చీఫ్ ఇంజనీర్ గారు పట్టుబట్టాకే దారికొచ్చింది.

సర్టిఫికెట్లన్నీ సరిగ్గా ఉన్నా, మంట మీద సన్నటి నీటి తుంపర చల్లే వాటర్ మిస్ట్ నాజిళ్లు కొన్నిటికి పెయింటింగ్‌ అప్పుడు చుట్టిన టేపు అలాగే ఉంది. ఇంజన్ రూమ్‌కి గాలి దారులు మూసే డ్యాంపర్లు కొన్ని రంగు పట్టేసి పూర్తిగా మూసుకోలేదు. మంట ఆర్పడానికి ఇంజన్ రూమ్‌ని కార్బన్ డయాక్సైడ్‌తో నింపే సీఓటూ సిస్టమ్ 2 నిమిషాల్లో 85 శాతం గ్యాస్ వదిలేస్తుంది. డ్యాంపర్ తెరిచి ఉంటే ఆ గ్యాస్ బయటికి పోతుంది, రెండోసారి వదలడానికి ఏమీ మిగలదు.

మొదటిసారి బయల్దేరే ముందే డ్రిల్ చేయాలని ఓడల భద్రతకి ఉన్న అంతర్జాతీయ ఒప్పందం సోలాస్ చెబుతుంది. చేశాం, కానీ తలో ఓడ నుంచి వచ్చిన మనుషులకి ఆ ఒక్కటి చాలదు. మా బోసన్ (డెక్ సిబ్బందికి మేస్త్రీ) ఒక్కొక్కరి మాస్కుకీ నల్లగుడ్డ కట్టి, ఇంజన్ రూమ్ అడుగు నుంచి ఎస్కేప్ ట్రంక్ (పైకి తప్పించుకునే నిలువు దారి) దాకా తడుముకుంటూ నడిపించాడు. ఏ కోర్సులోనూ ఇంత పనికొచ్చేది నేర్చుకోలేదు.

లోటల్లా వాటర్ మిస్ట్ లాన్స్ దగ్గరే. 2016 నుంచి కట్టే ఓడల్లో డెక్ మీద కంటెయినర్లు వేస్తే అది తప్పనిసరి. దాంతో కంటెయినర్ గోడకి కన్నం పొడిచి లోపలికి నీళ్లు కొట్టాలి. మాకు వీడియో చూపించారంతే. 2017లో కట్టిన మేర్స్క్ హోనామ్ అనే కంటెయినర్ షిప్ 2018 మార్చిలో అరేబియా సముద్రంలో తగలబడి ఐదుగురు చనిపోయారు. అది తెలిసీ వీడియోతో సరిపెట్టడం నాకు మింగుడుపడలేదు. పనికిరాని ఒక కంటెయినర్ తలుపు ఇచ్చినా చాలు, అందరం ఒక్కోసారి పొడిచి చూస్తాం. కంపెనీకి రాశాం, తలుపు ఇంకా రాలేదు.