తలతో కుమ్మే ఆటకు జడ్జీలు కూర్చుంటే: వరల్డ్ లెత్వే చాంపియన్‌షిప్ సమీక్ష

బర్మా వాళ్ల లెత్వేలో గ్లవ్స్ ఉండవు. పిడికిళ్లకు గాజ్ గుడ్డ, దాని మీద టేపు, అంతే. గుద్దొచ్చు, తన్నొచ్చు, మోచేత్తోనూ మోకాలితోనూ పొడవొచ్చు, మెడ పట్టుకుని పొట్టేలులా నుదుటితో కుమ్మొచ్చు. తలతో కలిపి లెక్కేసి దీన్ని తొమ్మిది అంగాల విద్య అంటారు. దీన్ని బయటి దేశాల ప్రేక్షకులకు అమ్మడానికి 2017లో మొదలైందే వరల్డ్ లెత్వే చాంపియన్‌షిప్. యాంగోన్ సంస్థ. యాంగోన్ అంటే మన పెద్దవాళ్ల నోట 'రంగం', ఉత్తరాంధ్ర నుంచి జనం ఓడెక్కి కూలికి వెళ్లిన ఊరే. 2019లో పోరాట ఆటల్ని నెట్‌లో ప్రసారం చేసే యూఎఫ్‌సీ ఫైట్ పాస్‌తో ఒప్పందం కుదరడంతో ఈ పోటీలు బర్మా దాటి చాలా దూరం వెళ్లాయి.

చూడ్డానికి బాగుంది. అమ్మడం కోసం ఏం మార్చారన్నదే అసలు విషయం.

పాత పద్ధతిలో 5 రౌండ్లు, ఒక్కోటి 3 నిమిషాలు, మధ్యలో 2 నిమిషాల విరామం. పాయింట్లు లేవు. ఐదో రౌండ్ గంట కొట్టేసరికి ఇద్దరూ నిలబడి ఉంటే డ్రా. ఒకడి ముఖం వాచిపోయి కన్ను మూసుకుపోయినా సరే, నిలబడ్డాడంటే ఓడలేదు. ఇంకో విచిత్రం టైమ్‌ఔట్. పడిపోయి లేవలేనివాడికి పోటీ మొత్తంలో ఒక్కసారి 2 నిమిషాలు ఇస్తారు. మూలకు మోసుకెళ్లి, నీళ్లు చల్లి, ఐస్ పెట్టి, కాళ్లూ చేతులూ నలిపి మళ్లీ నిలబెడతారు. ఆఖరి రౌండ్‌లో మాత్రం ఈ అవకాశం లేదు.

కొత్త నిబంధనల్లో ఈ టైమ్‌ఔట్ పోయింది, జడ్జీల పాయింట్లు వచ్చాయి. రెండింటినీ ఒకే గాటన కట్టి తిట్టేవాళ్లున్నారు. అది సరికాదు. స్పృహ తప్పినవాడి మెదడు అప్పటికే దెబ్బతిని ఉంటుంది. రెండు నిమిషాల తర్వాత అదే తల మీద ఇంకో దెబ్బ పడితే ప్రాణానికే ముప్పు. టైమ్‌ఔట్ తీసేయడం మంచి పనే. డ్రా తీసేయడమే నష్టం. పాయింట్లు లేనప్పుడు ముందంజలో ఉన్నవాడికి దాచుకునేదేమీ ఉండదు, పడగొడితేనే గెలుపు. అందుకే పాత పోటీల్లో ఐదో రౌండ్ అంత ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. పాయింట్లు వచ్చాక, మూడు రౌండ్లు గెలిచినవాడు చివర్లో దూరం జరిగి గడియారం చూసుకుంటూ కాలం గడిపేయొచ్చు.

కిక్ బాక్సింగ్ నుంచి వచ్చిన విదేశీయులు ఎక్కడ దెబ్బతింటారో గమనిస్తే ఈ ఆట సగం అర్థమైనట్టే. మొదటిది ముఖం కాపాడుకోవడం. పెద్ద గ్లవ్స్ ముఖానికి అడ్డం పెట్టుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు, ఉత్త పిడికిలి ఆ చిన్న సందుల్లోంచే దూరిపోతుంది. రెండోది గుద్దు. గాజ్ చర్మాన్ని కాపాడుతుంది గానీ ఎముకను కాదు. గురి తప్పి నడినెత్తి మీద పడితే విరిగేది కొట్టినవాడి చెయ్యే. మూడోది పట్టు. థాయ్‌లాండ్ వాళ్ల ముయే థాయ్‌లో మెడ పట్టుకుని నిటారుగా నిలబడి మోకాలు వేయడం నేర్పుతారు. లెత్వేలో అలా నిలబడ్డ ముఖమే అవతలివాడికి గురి. నుదుటి పైభాగం, జుట్టు మొదలయ్యే దగ్గరి గట్టి ఎముక, వచ్చి ముక్కు మీదో కనుబొమ మీదో తగులుతుంది. కనుబొమ చిట్లితే నెత్తురు కంట్లోకి కారి, ఆ వైపు నుంచి వచ్చే దెబ్బ కనపడదు. కుమ్మేవాడు గడ్డం దించకుండా వస్తే మాత్రం తన ముక్కే పోతుంది.

ప్రసారంలో వెలితి ఇక్కడే. కుమ్మిన క్షణాన్ని నెమ్మదిగా తిప్పి చూపిస్తారు గానీ, దానికి ముందు మెడ మీద చెయ్యి ఎలా పడింది, తలను ఎటు లాగాడు అన్నది చూపించరు. కొత్త ప్రేక్షకుడికి అది రౌడీల కొట్లాటలా కనిపిస్తే తప్పు అతనిది కాదు.

చూడాలనుకునేవాళ్లు ముందు 2016 డిసెంబర్‌లో పాత నిబంధనలతో కెనడా ఆటగాడు డేవ్ లెడూక్, బర్మా ఆటగాడు టున్ టున్ మిన్ తలపడిన పోటీ చూడండి. అదే ఏడు అక్టోబర్‌లో వాళ్లిద్దరి మొదటి పోటీ డ్రా అయింది, ఈ రెండోదాంట్లో లెడూక్ గెలిచి ఓపెన్‌వెయిట్ (బరువు పరిమితి లేని) బంగారు బెల్టు పట్టుకెళ్లాడు. తర్వాత 2019 ఆగస్టులో మాండలేలో ఇదే లెడూక్ అమెరికన్ సెత్ బజిన్‌స్కీతో ఆడినది పెట్టుకోండి. అది కొత్త పద్ధతి, తేడా కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. మొదటి రెండు నిమిషాలు ముందుకు జరపకండి. ఎడమ చెయ్యి మడిచి, కుడి అరచేత్తో దాని మీద మూడుసార్లు చరుస్తారు. లెఖ్ఖమౌన్ అంటారు దాన్ని. మన కుస్తీల్లో జబ్బ చరచడం గుర్తుకొస్తుంది.