మాట పొడవు: అక్షరాల్లో చెప్పాలా, మాత్రల్లోనా? ఏది మేలు?

పలుకు, వెన్నెల, పున్నాగ, ఆకాశం. నాలుగూ మూడక్షరాల మాటలే. కానీ చేత్తో తాళం వేస్తూ పలికితే తేడా తెలిసిపోతుంది. మాత్ర అంటే ఒక హ్రస్వాక్షరం పలికేంత సేపు. పలుకు మూడు మాత్రల్లో అయిపోతుంది. వెన్నెలకు నాలుగు, పున్నాగకు అయిదు, ఆకాశానికి ఆరు కావాలి. లెక్క ఒకటే అయినా ఒకటి ఇంకోదానికి రెట్టింపు పొడవు. అందుకే "మూడక్షరాల మాట" అనడం కొన్నిచోట్ల సరిపోతుంది, కొన్నిచోట్ల ముంచుతుంది.

అక్షరాల లెక్క సులువు. అచ్చు పలికిన చోటల్లా ఒక అక్షరం. హల్లుకు ఎన్ని వత్తులున్నా, సున్న తగిలినా అది ఒక్కటే. స్త్రీ ఒక్క అక్షరం. సంస్కృతం అంటే సం, స్కృ, తం: మూడు.

మాత్రల లెక్కకు కొంచెం ఓపిక కావాలి. లఘువుకు ఒకటి, గురువుకు రెండు. దీర్ఘం, ఐ, ఔ, సున్న, విసర్గ, పక్కన పొల్లు హల్లు ఉన్న అక్షరం గురువు. ద్విత్వానికో సంయుక్తానికో ముందున్న అక్షరం కూడా గురువే. వెన్నెలలో వె హ్రస్వమే అయినా వెనక న్నె ఉంది కాబట్టి రెండు మాత్రలు. చాలామంది ఇక్కడ న్నెను గురువు అనుకుంటారు. బరువు పడేది వత్తున్న అక్షరం మీద కాదు, దాని ముందు అక్షరం మీద.

ఇంకో రెండు చోట్ల లెక్క తప్పుతుంది. ఒకటి వట్రసుడి. అమృతంలో మృ సంయుక్తాక్షరం కాదు, మ మీద ఋ గుణింతం మాత్రమే. కాబట్టి అ లఘువే: ఒకటి, ఒకటి, రెండు, మొత్తం నాలుగు మాత్రలు. రెండోది మాటల మధ్య సందు. "అతడు ప్రేమగా" అన్నప్పుడు డు లఘువుగానే ఉంటుంది. "గురుప్రసాదం" లాంటి సమాసంలో మాత్రం ప్ర ముందున్న రు గురువవుతుంది.

ఇంత శ్రమ ఎందుకంటే తెలుగు చెవి పట్టుకునేది మాత్రనే. కలుగు, కల్గు చూడండి. మూడక్షరాలు రెండయ్యాయి, మాత్రలు మాత్రం మూడుకు మూడూ ఉన్నాయి. పలుకు పల్కు అయినా, తెలుగు తెల్గు అయినా అంతే. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటల్లోనూ ఇదే జరుగుతుంది: డాక్టర్ రెండక్షరాలు, డాక్టరు మూడు, రెండూ నాలుగు మాత్రలే. పద్యంలో గురులఘువుల గుంపును గణం అంటారు. సూర్యగణాలనే రకంలో నగణం (మూడు లఘువులు), హగణం (గురువు, లఘువు) ఒకదాని చోట ఒకటి ఇమిడిపోయేది ఇందుకే.

పాటకైతే సందేహమే లేదు, మాత్రలే మేలు. మూడేసి మాత్రల తకిట నడకలో పలుకు, వానచినుకు, చందమామ చక్కగా కూర్చుంటాయి. నాలుగు మాత్రల తకధిమికి వెన్నెల, కోయిల సరిపోతాయి; పరిమళం మాత్రం పరిమళ కావాలి. ఆ చివరి సున్న ఒక మాత్ర పెంచి నడక చెడగొడుతుంది. బాణీకి అక్షరాలు లెక్కపెట్టి రాస్తే గాయకుడు హ్రస్వాన్ని సాగదీయాలి, లేకపోతే దీర్ఘాన్ని మింగాలి. ఇకారం ఈకారంగా వినబడితే మాటే మారిపోతుంది.

వృత్తాలకు, అంటే పాదంలో గురులఘువుల వరస ఖాయంగా ఉండే పద్యాలకు, అక్షర సంఖ్య నియతమే, కానీ అదొక్కటే చాలదు. శార్దూలం పాదానికి 19 అక్షరాలు, మత్తేభం 20. రెంటికీ మాత్రలు 30. శార్దూలం మొదటి గురువును రెండు లఘువులుగా విడగొడితే మత్తేభం వచ్చేస్తుంది. ఉత్పలమాల (20), చంపకమాల (21) కూడా అలాంటి జంటే, రెంటికీ 28 మాత్రలు. అక్షరాలు మాత్రమే చూసేవారికి ఈ చుట్టరికం కనిపించదు. మరోవైపు ఉత్పలమాలకూ మత్తేభానికీ అక్షరాలు 20 చొప్పున సమానమే, నడకలో పోలికే లేదు.

పద్యం రాసేవారికి మాత్రల మొత్తం కూడా చాలదు. సమీర, వెన్నెల, గగనం మూడూ మూడక్షరాలు, నాలుగు మాత్రలు. కానీ వరసగా జగణం (లఘువు, గురువు, లఘువు), భగణం (గురువు, రెండు లఘువులు), సగణం (రెండు లఘువులు, గురువు). కంద పద్యంలో బేసి గణంగా (ఒకటి, మూడు, అయిదు లాంటి చోట్ల) జగణం నిషిద్ధం కాబట్టి సమీర ఒక్కటీ అక్కడ కుదరదు. ఇక్కడ గణం పేరే మేలు: అక్షరాలు, మాత్రలు, వాటి వరస మూడూ ఒక్క మాటలో వచ్చేస్తాయి.

అక్షరాల లెక్క నెగ్గేది గళ్లనుడికట్టులో. అక్కడ గడులకు మాత్రలతో పనిలేదు. కాకపోతే పొల్లుకు కూడా గడి ఇవ్వడం మామూలు కాబట్టి కలెక్టర్‌కు ఛందస్సులో మూడక్షరాలైతే గడులు నాలుగు. ఆధారం రాసేవారు ముందే ఏదో ఒక పద్ధతికి కట్టుబడాలి. పిల్లల వాచకాలకు మాత్రం అక్షర సంఖ్యను నమ్ముకోకూడదు. పలకలో మూడున్నాయి, స్త్రీలో ఒకటే ఉంది, కానీ పిల్లలు తడబడేది స్త్రీ దగ్గరే. అక్కడ వత్తులు, గుణింతాల ప్రకారం మాటలు విడదీయడమే మంచిది.

కంప్యూటరుకు లెక్క అప్పగించేవారు ఇంకో జాగ్రత్త పడాలి. యూనికోడ్‌లో స్త్రీ అంటే స, విరామం (పొల్లు గుర్తు), త, విరామం, ర, ఈత్వం: ఆరు సంకేతాలు. ప్రోగ్రాము నేరుగా పొడవు అడిగితే ఆరు అంటుంది. విరామం తర్వాత హల్లు వస్తే దాన్ని ముందు అక్షరంలోనే కలపాలి, గుణింతపు గుర్తులను, సున్నను, విసర్గను విడిగా లెక్కించకూడదు. మాట చివర విరామం మిగిలితే అది పొల్లు. గడి కావాలంటే లెక్కలో ఉంచాలి, ఛందస్సుకైతే ముందు అక్షరాన్ని గురువు చేసి వదిలేయాలి.