బోర్న్‌విల్: చాక్లెట్ ఫ్యాక్టరీ పక్కన వెలసిన తోటల పేట

బర్మింగ్‌హామ్ దక్షిణ భాగంలోని బోర్న్‌విల్‌కు రైలులో వెళ్లడమే సుఖం; ఊదారంగు పూసిన స్టేషన్ నుంచి ఫ్యాక్టరీ నడక దూరమే. 1879లో క్యాడ్‌బరీ సోదరులు ఫ్యాక్టరీని ఇక్కడికి తరలించారు. 1893లో జార్జ్ క్యాడ్‌బరీ పక్కనే 120 ఎకరాలు కొని, తమ కార్మికులకే పరిమితం చేయకుండా ఇళ్లు కట్టించి, ఇంటింటికీ పండ్లచెట్లతో కూడిన పెరడు ఏర్పాటు చేసి, 1900లో ఆ ఆస్తిని ఒక ట్రస్టుకు అప్పగించారు. ఆ పెరళ్లే నేటికీ ఈ పేటకు అందం.

పచ్చిక మైదానం చుట్టూ దుకాణాలు తక్కువే అయినా రోజువారీ అవసరాలకు సరిపోతాయి. బడి గోపురంపై 48 కంచు గంటల వాద్యం ఉంది. పిల్లలు వెంట ఉంటే చాక్లెట్ వినోద కేంద్రం క్యాడ్‌బరీ వరల్డ్ సరే. లేకుంటే, మరోచోటి నుంచి విప్పి తెచ్చి నిలబెట్టిన పాత కొయ్యచట్రపు ఇల్లు సెల్లీ మేనర్‌నే ముందు చూడాలి. క్యాడ్‌బరీలు అనుసరించిన, మద్యాన్ని వద్దనే క్రైస్తవ శాఖ క్వేకర్ల పట్టింపు వల్ల ఇక్కడ పబ్బులు వెలవలేదు కనుక, ఆ సరదా ఉన్నవారు పొరుగున ఉన్న స్టిర్చ్‌లీకి నడవక తప్పదు.