కార్కసోనా, కింగ్‌డొమినోనా: ముందు ఏది కొనాలి?

పలకలు పేర్చే ఆటలు కొత్తగా మొదలుపెట్టేవారికి ఎక్కువగా వినిపించే పేర్లలో ఇవి రెండు. రెండూ జర్మనీలో ఏటా ఇచ్చే ష్పీల్ డెస్ యారెస్ బహుమతి అందుకున్నాయి: క్లావుస్ యుర్గెన్ వ్రెడే రూపొందించిన కార్కసోన్ 2001లో, బ్రూనో కతాలా చేసిన కింగ్‌డొమినో 2017లో. పలకల బొమ్మల్లో చదవాల్సిన అక్షరం ఒక్కటీ లేదు. ఇంగ్లీషు రాని అమ్మమ్మ కూడా మనవడితో సమానంగా ఆడవచ్చు. పోలిక ఇక్కడితో సరి.

కింగ్‌డొమినో పావుగంట ఆట. ఒక్కో పలకలో రెండు గళ్లు: అడవి, నీరు, గోధుమ చేను, గని, ఇలా. కోటతో కలిపి అయిదు గళ్ల పొడవు, అయిదు గళ్ల వెడల్పు దాటకుండా రాజ్యం పేర్చుకోవాలి. ఒకచోట కలిసి ఉన్న ఒకే రకం గళ్లను వాటిలోని కిరీటాలతో హెచ్చవేస్తే వచ్చేవి పాయింట్లు. ఆరు గళ్ల అడవిలో రెండు కిరీటాలుంటే 12. కిరీటం లేకపోతే ఎంత అడవైనా సున్నాయే. ఎక్కాలు నేర్చే పిల్లలకు ఇంతకంటే మంచి సాకు దొరకదు. మెలిక ఎంపికలో ఉంది. పెద్ద అంకె ఉన్న మంచి పలకను కోరుకున్నవారు తర్వాతి విడతలో వెనకపడతారు. కానీ పక్కవారి రాజ్యం జోలికి వెళ్లే వీలు లేదు. నాకు నచ్చనిది అదే.

కార్కసోన్‌లో 72 పలకలు, అందరికీ ఒకటే పటం. దారికి దారి, కోటకు కోట అతకాలి. మీరు మూడు పలకల కోట కట్టి, మూసే ముక్క కోసం చూస్తున్నారనుకోండి. మీదని గుర్తుగా మీరు బంటును నిలిపిన కోటలో ఎదుటివారు నేరుగా దిగకూడదు. అందుకని ఓ గడి అవతల అమాయకంగా చిన్న కోట మొదలుపెట్టి, అక్కడ తన బంటును నిలబెడతారు. తర్వాత నడుమ ఒక పలక పడితే రెండు కోటలూ ఒకటే! పాయింట్లు ఇద్దరికీ వస్తాయి. వారు ఇంకో బంటును కూడా ఇలాగే చేర్చగలిగితే మీకు మిగిలేది ఏమీ లేదు. ఆడించడానికి ఉన్న బంట్లు ఏడే. కోటో దారో మఠమో పూర్తయితేనే తిరిగి చేతికొస్తాయి. పొలంలో పడుకోబెట్టిన బంటు ఆట ముగిసేదాకా లేవదు. మొదటి ఆటలో పొలాల నియమం పక్కన పెట్టండి, లెక్కలకే తల తిరుగుతుంది. అయిదుగురు కూర్చుంటే మన వంతు రావడమూ ఆలస్యమే.

చిన్న పిల్లలుంటే, లేదా నలుగురు కలిసి తొందరగా ఒక ఆట ముగించాలంటే కింగ్‌డొమినో. ఇద్దరు పెద్దవాళ్లే అయితే మారు ఆలోచన లేకుండా కార్కసోన్. ఇంట్లో ఒక్కదానికే చోటుంటే నా ఓటూ కార్కసోన్‌కే. అదనపు పెట్టెలకు తొందరపడకండి. ఇటీవలి ముద్రణల్లో నది పలకలు అసలు పెట్టెలోనే వస్తున్నాయి. వాటితో మొదలుపెడితే పటం ఒకేచోట ముద్ద కాకుండా పారుతుంది.